రెండు పండ్లు

జారిందట! నా చేతిల పానా జారిందట! ఎవడన్న నమ్ముతడా గీ మాట?

నువ్వు లెవ్వకు శివకృష్ణా, పండుకో. దవడకు తీగెలు కట్టిండ్రు, నోరు తెరిస్తే కుట్లు ఊడుతయని నర్సమ్మ చెప్పింది. మంచిదే. ఇయ్యాల నేను చెప్త, నువ్వు విను అల్లుడా.

నా బిడ్డ పోలీసాయనకు ఏం చెప్పిందో ఎరుకేనా? "ఇంటి ముంగట కారు ఇంజను బెల్టు మారుస్తుండ్రు సాబ్, బోల్టు మీదికెల్లి పానా జారి మా ఆయన మూతికి తగిలింది" అన్నదట. మొగనికి మూతి పగిలినా అయ్యను కాపాడుతది మా హారతి! ఆయన నిన్నడిగితే నువ్వు గూడ తలూపినవ్. ఎవలు ఊపుమన్నరు నిన్ను? నీ దయ ఎవనికి గావాలె?

ఊరిడిసి ఈ పరాయి దేశమొచ్చి, బమ్రోలి కార్ఖానాలల్ల బట్టలు నేసే సాంచాల నడుమ నా వయసంత అరిగింది. నూలు కండె మోసే నాడె ఎగిరొచ్చి పక్కోని కన్ను తీస్కపోంగ చూసిన. నా చేతిల పానా మాత్రం ఎన్నడు జారలే. సదానందం పానా జారిందంటే రేపు కార్ఖానల నా మొఖం మీద ఉమ్మరా?

కొట్టిన. చూసి, గురిపెట్టి కొట్టిన. కిందవడ్డంక ఇంకోటి ఇద్దామని ఎత్తిన గూడ. హారతి నా చెయ్యి కొరికింది. గిదిగో గాటు, ఇంక మానలే. లేకుంటే నీ తలకాయ పుచ్చకాయ లెక్క పగులుతుండె.

ఎందుకు కొట్టన మరి? నీకు ఆసరైతనని పానా వట్టి బోల్టులు బిగించిన. నువ్వు సెల్ఫ్ కొట్టంగనే ఇంజను టకటక ఒర్రి సచ్చింది. లోపల వాల్వులు పోయి పిస్టన్లకు గుద్దుకున్నయి. ఆ టాక్సీ మీదనే మీ బువ్వ, నాకెరుక లేదా? గల్లీ అంత గుమిగూడింది. అప్పుడేమన్నవ్? "ఇది సాంచా గాదు మామా. రాత్రిబడిల అఆలు దిద్దినోనికి ఇంజనిస్తే గింతే." తెలుగుల అంటే ఊకుందును రా! అందరికి సమజ్ గావాలని హిందీల అన్నవ్! అందరు ఇకిలిచ్చిండ్రు. సొంత అక్క కొడుకువని పిల్లనిచ్చిన గదా, గందుకా?

ఏడుస్తున్నవా? పండ్ల నొప్పా? రెండూడినయట. అరటిపండ్లు తెచ్చిన, హారతి పిసికి పాలల్ల కలుపుతది. నమిలే పని లేదు.

జర దగ్గరికి జరుగు. ఒక ముచ్చట.

బెల్టు నువ్వు మంచిగనే ఎక్కించినవ్. మార్కుకు మార్కు కలిపినవ్, నీళ్ల పంపు గూడ కొత్తది బిగించినవ్. తప్పు లేదు. నువ్వు చాయ్ తాగ పోయినవ్ సూడు... అప్పుడు బెల్టు ఢీలా జేసి, పై పండ్ల చక్రాన్ని రెండు పండ్లు ముందుకు దిప్పి మళ్ల బిగించిన.

కండ్లట్ల పెద్దగ జెయ్యకు! పాత సాంచా మీద నాడె గట్టిగ ఉరకాలంటే టైమింగు జర ముందుకు జరుపుతం. ఏ సాంచోన్నన్న అడుగు. నీది గూడ పాత బండే గదా, బలమొస్తదనుకున్న. వాల్వులు పోయి గుద్దుకుంటయని నాకేమెరుక? చెప్తే నవ్వుతవని చెప్పలే.

బయట పోలీసాయన కూసున్నడు. కాయితం తెచ్చుకున్న. ఆ రాత్రిబడి అక్షరాలతోనే రాసిస్త: పానా జారలే, నేనే కొట్టిన అని. జైల్ల ఏస్తే ఏయనీ.

రెండు పండ్ల సంగతి మాత్రం రాయ. అది రాసుటికంటే పానా జారిందన్న మాటే నయం.