శౌరమ్మ గారు సంతకం పెట్టని కాన్పు

1989 ఆగస్టు పదహారవ తేదీన విజయవాడలోని మన ఆసుపత్రి ప్రసూతి విభాగంలో స్టాఫ్ నర్సుగా అడుగిడిన శ్రీమతి శౌరమ్మ గారు, ముప్పై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, మన నర్సింగ్ కళాశాల ప్రసూతి శాస్త్ర విభాగాధిపతిగా ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

2001లో బోధకురాలిగా నియమితులైన నాటి నుండి వారిదొక నియమం. విద్యార్థిని కాన్పు చేస్తున్నంతసేపూ, ప్రమాదం పొంచివుంటే తప్ప, తమ చేతులు వెనక్కి కట్టుకొని నిలబడతారు. పనిని తాము అందుకోవడం సులభం, విద్యార్థిని చేతికి అందనివ్వడం దుర్లభం అని వారి విశ్వాసం.

2012లో నేను వారి శిష్యురాలిని. పరీక్షకు అర్హత పొందాలంటే స్వయంగా ఇరవై కాన్పులు చేసి కేస్ బుక్‌లో నమోదు చేయాలి. ఎప్పుడూ వెనుక వరుసలో ఒదిగిపోయే నాకు పందొమ్మిదే దక్కాయి. గడువు అయిదు రోజులే మిగిలింది. నా స్నేహితురాలు ఏంజెల్ చేసిన కాన్పునే, ఆమె సమ్మతితో, నా పుస్తకంలోనూ రాసుకున్నాను. శౌరమ్మ గారు రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టారు.

"అక్కడా ఈవిడే, ఇక్కడా ఈవిడే. కవలలా బ్లెస్సీ?"

"కాదండి."

"మరి బిడ్డ ఎవరి చేతిలోకొచ్చింది?"

"ఏంజెల్ చేతిలోకండి. నేను ఒళ్లు తుడిచానండి."

"తుడిచానని రాయి మరి. అదేం చిన్న పని కాదు. దీనికి మాత్రం సంతకం పెట్టను."

ఆ ఏడు పరీక్ష పోయినట్టేనని కన్నీళ్లతో కదిలిన నన్ను వారు గుమ్మంలో ఆపారు. "రేపు ఏడింటికల్లా బస్టాండుకొచ్చెయ్. కంకిపాడు వెళ్దాం. క్యారేజీ తెచ్చుకో, నా దాంట్లో చెయ్యి పెడితే ఊరుకోను."

తమ సెలవులను వెచ్చించి మూడు దినాలు కంకిపాడు ఆరోగ్య కేంద్రంలో నాతోపాటు నిరీక్షించారు. ఎవరూ రాలేదు. నాల్గవనాటి మధ్యాహ్నం శివపార్వతి అనే గర్భిణి నొప్పులతో వచ్చింది.

"ఈ పిల్లా చేసేది? మీరు చెయ్యరా అమ్మగారూ?"

"పందొమ్మిది మందిని క్షేమంగా తెచ్చిన పిల్లమ్మా. నేనెక్కడికీ పోను, నీ పక్కనే ఉంటా" అని వారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

ఆ ధైర్యం శివపార్వతికి ఎంత అందిందో ఎరుగను. నాకు మాత్రం నిండుగా అందింది. తల కనిపించింది, భుజం జారింది, గదంతా ఆడబిడ్డ ఏడుపుతో మారుమ్రోగింది. తల్లీబిడ్డలు కుదుటపడ్డాక, అక్కడి బల్లపైనే శౌరమ్మ గారు నా పుస్తకంలో సంతకం చేశారు.

మరుసటి సంవత్సరమే యాజమాన్యాన్ని ఒప్పించి, ప్రతి బృందానికీ కంకిపాడులో నెలరోజుల శిక్షణ నెలకొల్పారు; వెనుక వరుసవారినే ముందు పంపించారు. నాటి నుండి మన కళాశాలలో ఒకరి కాన్పును మరొకరు రాసుకోవలసిన అగత్యం కలుగలేదు, ఒక్క విద్యార్థినీ అర్హత కోల్పోలేదు. 2018లో విభాగాధిపతి పదవి వారిని వరించింది. వారి సహోద్యోగినిని కావడం నాకు లభించిన గౌరవం.

భర్త ఫిలిప్ గారితో భవానీపురంలోని స్వగృహాన విశ్రమించనున్న శౌరమ్మ గారు, వారి విద్యార్థినుల చేతుల్లో కన్ను తెరిచిన బిడ్డలు తమ బిడ్డలనెత్తుకొని వచ్చి చూపేంతకాలం, సంపూర్ణ ఆరోగ్యంతో, చెరగని చిరునవ్వుతో వర్ధిల్లాలని మా అందరి ఆకాంక్ష.