గట్టు మీద ఆగిపోయిన పిలుపు: జనాబ్ అమీర్ బాషా గారికి వీడ్కోలు

1957వ సంవత్సరం ఫిబ్రవరి పద్దెనిమిదవ తేదీన, అల్లూరుకు తూర్పున సముద్ర తీరంలో ఉన్న మన ఉప్పు కొఠారు కార్యాలయంలో జనాబ్ అమీర్ బాషా గారు సూపరింటెండెంటుగా బాధ్యతలు స్వీకరించారు. గూడూరులో ఒక అభ్రకం వర్తకుని వద్ద గుమాస్తాగా జీవితం ప్రారంభించి, స్వయంకృషితో, నిష్కళంకమైన నడవడితో ఎదిగి ఇక్కడికి విచ్చేసిన వారు, ఈ 1968 మార్చి నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇది శుభసందర్భమని రాయడం ఆనవాయితీ గనుక రాస్తున్నాం గానీ, ఇందులో మాకు శుభమేమిటో ఎంత ఆలోచించినా తోచడం లేదు. ఈ వీడ్కోలు సంచికలో ఉత్త పొగడ్తలు వద్దని, ఉప్పు బుట్టలు మోసే జమాల్‌బీ సంగతి తప్పకుండా రాయాలని వారే పట్టుబట్టారు. వారి మాట కాదనే అలవాటు మాకు లేదు.

వారిది గంభీరమైన కంఠం, నిర్దుష్టమైన భాష. వచ్చిన కొత్తలో ప్రతి సోమవారం వరండాలో నిలబడి క్రమశిక్షణను గురించి, కర్తవ్యదీక్షను గురించి సుదీర్ఘంగా ప్రసంగించేవారు. మేస్త్రీ ముత్యాలయ్య ఆద్యంతం "చిత్తం, చిత్తం" అంటూ తల ఊపి, మెట్లు దిగగానే "ఇంతకీ మనల్ని ఏం జెయ్యమన్నట్టబ్బా?" అని పక్కవాణ్ణి అడిగేవాడు. ఈ సంగతి కొఠారంతటికీ తెలుసు, ఒక్క బాషా గారికి తప్ప. వారి సతీమణి శ్రీమతి ముంతాజ్ బేగం గారు మాత్రం ఒకనాడు ఉండబట్టలేక, "మీరు మాట్లాడేటప్పుడు ఎదుటోళ్ళ మొహాలు చూడరండీ, గోడ మీద గడియారం చూస్తా ఉంటారు" అన్నారట. వారు నవ్వేసి ఊరుకున్నారు.

మరుసటి వేసవిలో ఆ నవ్వు మాయమైంది. కయ్యల్లో, అంటే ఉప్పు మళ్ళలో, పండిన ఉప్పును మన ఆడవాళ్ళు బుట్టల్లో నెత్తిన పెట్టుకుని, ఇరుకైన గట్ల మీదుగా మెరక మీది రాశికి చేరవేస్తారు. బరువు మోసే మనిషి తల తిప్పలేదు, చప్పున ఆగనూ లేదు. అందుకని వరుసకు ముందు నడిచే మనిషి "బరువొస్తుండాదీ... దారో!" అని సాగదీసి పిలుస్తుంది. ఖాళీ బుట్టలతో ఎదురొచ్చేవాళ్ళు "దారిచ్చినాం... రా!" అని బదులు పలికి, కయ్యలోకి దిగి నిలబడతారు. అప్పటికే ఆ పిలుపు రెబెక్కమ్మది. ఆమె గొంతెత్తితే కార్యాలయంలో మా కలాలు ఆగేవి.

బాషా గారికి అది వట్టి గోలగా తోచింది. ఒక ఉదయం గట్టు మీదికి వెళ్ళి, అందరి ఎదుటా రెబెక్కమ్మను వేలెత్తి చూపి, "ఇది పనిచేసే చోటా, చేపల సంతా? నోరు కట్టిపెట్టి పని చేయండి. ముందు నువ్వు!" అన్నారు. ముత్యాలయ్య యథాప్రకారం "చిత్తం" అన్నాడు. ఆ మధ్యాహ్నమే, పిలుపు లేని గట్టు మీద, తల వంచుకుని ఖాళీ బుట్టతో వస్తున్న జమాల్‌బీకి బరువుతో వచ్చే మనిషి ఎదురుగా తగిలింది. జమాల్‌బీ కింద పడింది, చెయ్యి విరిగింది. బాషా గారు పరుగెత్తుకొచ్చి, "ఇట్లా జరుగుతుందని ఒక్కరైనా నాకెందుకు చెప్పలేదు?" అని ఆక్రోశించారు. రెబెక్కమ్మ నెమ్మదిగా, "నోరు కట్టిపెట్టమంటిరి గదా సార్. కట్టిపెట్టినాం" అంది.

జమాల్‌బీని బాషా గారే బండి కట్టించి అల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు బూట్లు విప్పి కయ్యలోకి దిగి, అందరికీ వినబడేలా, "నిన్న నేను మాట్లాడింది తప్పు. మీ పిలుపు మీరు పిలుచుకోండి" అన్నారు. పిలుపు మళ్ళీ మొదలైంది. కానీ వారు గట్టు మీద కాలు పెడితే చాలు, రెబెక్కమ్మ నోరు మూతపడేది. వరుస అక్కడికక్కడే ఆగి, వారు దాటిపోయేదాకా నిలబడేది. అందులో కోపం గానీ అమర్యాద గానీ కనబడేవి కావు. "ఏందమ్మా?" అని అడిగితే "ఏం లేదు సార్" అనేది, అంతే.

అప్పటి నుంచి మేము చూసిన బాషా గారు వేరే మనిషి. సోమవారం ప్రసంగాలు పోయాయి. బుట్ట బోర్లించి దాని మీద కూర్చుని, ఒక ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా ఓపికగా కాచుకునేవారు. "చిత్తం వద్దు ముత్యాలయ్యా, నీకేమనిపిస్తోందో అది చెప్పు" అనేవారు. మొదట్లో నీళ్ళు నమిలిన ముత్యాలయ్య తరువాత ఎంత మాటకారి అయ్యాడంటే, వాణ్ణి ఆపడానికి మళ్ళీ సూపరింటెండెంటు గారే పూనుకోవాల్సి వచ్చేది! మందలింపైతే గదిలో, మెచ్చుకోలైతే పదిమందిలో, ఇది వారి నియమం. మాలో ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు చెప్పుకున్నది వారికే.

అయినా వారి మనసులో ఒక వెలితి ఉండిపోయింది. మధ్యాహ్నం వేళ కయ్యల వైపు నుంచి పిలుపు వినబడగానే కలం పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళేవారు. ఒక్కోసారి ఆగలేక గోదాము గోడ దాకా నడిచి, అక్కడే నిలబడి విని, వెనక్కి వచ్చేసేవారు. "ఎంత హాయిగా ఉందో! దగ్గరికెళ్ళి వినాలని ఉంది. నేను వెళ్తే ఆగిపోతుందయ్యా" అనేవారు. ఏ ప్రమోషన్ కోసమూ వారు అంతగా తపించగా మేము చూడలేదు. ఆ గట్టు మీద తామూ ఒక మనిషిగా కలవాలని మాత్రమే వారి ఆశ.

పోయిన బుధవారం, కయ్యలను చివరిసారి చూసి వస్తామని బయలుదేరారు. సన్మాన సభ కోసం ముంతాజ్ బేగం గారు కొనిపించిన కొత్త బూట్లు కాళ్ళకున్నాయి. వెంట ముత్యాలయ్య ఉన్నాడు. ఎదురుగా ఉప్పు బుట్టల వరుస వస్తోంది, ముందు రెబెక్కమ్మ. ఆమె జుట్టు ఇప్పుడు బాగా నెరిసింది. వారిని చూసింది. వరుస ఆగిపోతుందనే ముత్యాలయ్య అనుకున్నాడు. ఆమె అడుగు ఆగలేదు.

"బరువొస్తుండాదీ... దారో!"

అంతటి వాగ్ధాటి గల బాషా గారు "దారిచ్చినాం... రా!" అని మాత్రమే బదులు పలికి, బూట్లతోనే కయ్యలోకి దిగి, పక్కకు తొలగి నిలబడ్డారు. రెబెక్కమ్మ వారిని దాటిపోతూ, తల తిప్పకుండానే, "కొత్త బూట్లు పాడైపాయె గదా సార్!" అంది. వరుసంతా నవ్వింది. బాషా గారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

బూట్లు ఇక పనికిరావని తేలింది, రేపటి సభకు వారు పాత చెప్పులతోనే విచ్చేస్తారు. అల్లా దయవల్ల వారికి, ముంతాజ్ బేగం గారికి నిండు ఆరోగ్యమూ, నూరేళ్ళ ఆయుష్షూ, కంటినిండా నిద్రా లభించాలని మనసారా కోరుకుంటున్నాం. ఏటేటా వేసవిలో ఒక్కసారి మా గట్ల మీదికి రావాలని కూడా కోరుతున్నాం. పిలుపు వినబడగానే పక్కకు తొలగి దారివ్వండి సార్, మా వాళ్ళు మీ కోసం ఆగరు.