గేరునూనె పుల్ల

షావుకారు గారి కొత్త అమెరికా కారు యానాంలో షెడ్డు ముందు ఇంజను ఆగకుండా నడుస్తోంది. బావమరిది బానెట్టు కింద వంగాడు. పాత కారు తోలే బావ పక్కనే నిలబడ్డాడు.

"ఇంజను ఆపకుండా మళ్ళీ నూనె కొలిచే పుల్ల లాగుతావేంట్రా?"

"ఇది గేరునూనె బావా. ఇంజను వేడెక్కి తిరుగుతుంటేనే కొలత సరిగ్గా తెలుస్తుంది."

"నీకు క్లచ్చి తొక్కడం నేర్పిందే నేను!"

"దీనికి క్లచ్చే లేదు కదా, గేర్లు వాటంతటవే మారతాయి."

"అదే నా ఖర్మ. ఇరవయ్యేళ్ళు తోలిన నన్ను కాదని తాళం నీ చేతికిచ్చాడు. నాలుగు ఫ్రెంచి ముక్కలు చదివావనేగా?"

"కారుతో వచ్చిన పుస్తకం ఫ్రెంచిలోనే ఉంది, చదవాలి కదా బావా. చూడు, నూనె గీత కిందకి దిగింది. కాస్త పోద్దాం, ఆ గరాటు అందుకో."

"అందుకోను. నువ్వు బండి పాడుచేస్తున్నావని పొద్దున్నే షావుకారుకి చెప్పేశాను."

"తెలుసు. నన్ను పిలిచి అడిగారు. పుస్తకంలో ఈ కొలత గురించి ఉన్న పేజీ చదివి వినిపించాను."

"ఏమన్నాడు?"

"'మీ బావకి పుల్ల తీసి చూడటం రాదు, పుల్లలు పెట్టడమే వచ్చు' అన్నారు. పాత కారు కూడా నన్నే తోలమన్నారు."

"నువ్వేమన్నావు?"

"'దానికి క్లచ్చి ఉందండీ, అది మా బావే తోలాలి' అన్నాను."

"ఇక నీ దయ కూడా మొయ్యాలన్నమాట. ఏదిరా ఆ గరాటు?"