ఉంగరం ఏ చేతికి

చిలీ దేశపు రేవు పట్టణం తల్కావానో. సోమవారం పొద్దున, బ్రెడ్ల దుకాణం పక్క సందులో ఇద్దరు: కౌంటర్లో పనిచేసే రోసియో, శనివారమే ఆమెను పెళ్లాడిన మైటే.

“అడ్డంగా నిలబడు మైటే, ఎవరైనా చూస్తారు.”

“ఉంగరం తీసేస్తున్నావా? రోసీ, మొన్ననే కదే తొడిగాను!”

“తియ్యట్లేదు. కుడి చేతికి మారుస్తున్నా, అంతే. కుడికుంటే పెళ్లి కుదిరిందనుకుంటారు. ఎడమకి కనిపిస్తే అయిపోయిందంటారు. పెళ్లికొడుకేడీ అంటారు.”

“పెళ్లికొడుకు లేడు, మైటే ఉందని చెప్పు.”

“నవ్వకు! లోపలికి వినిపిస్తుంది.”

“సరే, సరే. ఆగు, నీ జుట్టులో ఇంకా పెళ్లినాటి రంగుకాగితం ముక్క... గులాబీది! ఎంత ముద్దుగా ఉందో!”

“తీసెయ్. తీసెయ్యవే!”

“చట్టం ఉంది కదా రోసీ. ఎవర్ని ప్రేమించావో చూసి ఉద్యోగం పీకకూడదు. పైగా పెళ్లికి సెలవు కూడా—”

“మా కౌంటర్లోనే పనిచేసిన మౌరిసియోకి లేదా చట్టం? రేవులో తను ప్రేమించినవాడి చెయ్యి పట్టుకుని నడిచాడు. మా యజమాని చూశాడు. అందుకే తీశామన్నారా? ‘దుకాణం అవసరాల రీత్యా’ అన్నారు. ఆ అవసరమేంటో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.”

“మరి ఎన్నాళ్లు దాస్తావ్?”

“మా మేనేజర్ యోలాండాని చూడు. జుట్టు నెరిసినా ఉంగరం ఇంకా కుడి చేతికే. ‘కాబోయే పెళ్లికూతురు’ అని చాటుగా ఏడిపిస్తాం. ఆ పెళ్లికొడుకు ఏ ఓడెక్కాడో పాపం!”

“నన్నూ ఓడెక్కిస్తావా?”

“అలా అనకు మైటే...”

“రోసియో! ఎవరితోనమ్మా కబుర్లు? అక్కడ జనం నిలబడ్డారు.”

“అయ్యో, యోలాండా మేడమ్! వచ్చేస్తున్నా. ఈమె... మా... స్నేహితురాలు. స్నేహితురాలే మేడమ్.”

“ఆమె ఎడమ చేతి ఉంగరం, నీ కుడి చేతిది ఒకే జత. చెయ్యి వెనక్కి దాచకు.”

“మేడమ్, మీకు దణ్ణం పెడతా, యజమానికి చెప్పకండి. ఈ ఉద్యోగం పోతే—”

“ష్... మెల్లగా. ఆయన పైనే ఉన్నాడు. ఎడమకి మార్చుకో. పెళ్లి సెలవడుగు. ఆయన మళ్లీ ‘దుకాణం అవసరాలు’ అని మొదలెడితే, అబద్ధమని నేను సాక్ష్యం చెప్తా.”

“మీరా? మీ ఉద్యోగం పోతుంది మేడమ్! నా కోసం మీకెందుకు...”

“రోజూ సాయంత్రం నా కోసం కార్లో కూర్చుంటుందే గ్రాసియెలా, ఆమెనీ నేను స్నేహితురాలనే చెప్పుకుంటూ వచ్చాను. ఈ దుకాణానికి కాబోయే పెళ్లికూతురు ఒక్కతి చాలమ్మా.”