అవతలోళ్ళు

వంతెన మధ్యలో ఒక పాత సుంకం ఆఫీసు. ఇప్పుడది రిహార్సల్ హాలు. అట్ట పావురాలకు తెల్లరంగు వేస్తున్న ఇద్దరు. అమ్మాయిది నదికి ఒక ఒడ్డు, అబ్బాయిది రెండో ఒడ్డు.

“పావురానికి ముక్కు అలాగా ఉంటుంది? చిలకలా ఉందే అది.”

“ఉంటే ఉండనీ. శాంతి చిలక. తనిఖీకి వచ్చే మేడమ్‌కి తేడా తెలుస్తుందా ఏంటి? నువ్వు ముందు రంగు కారకుండా వెయ్యి.”

“వేస్తున్నా కదే రంపం, కొయ్యకు నన్ను. ఇవాళే వస్తుందా ఆవిడ?”

“భోజనాలయ్యాక అన్నాడు డైరెక్టరు. మనం కలిసిపోయామో లేదో చూస్తుందట.”

“ఎలా చూస్తుంది? మూత తీసి, ఉడికిందో లేదో నొక్కి చూసినట్టా?”

“నవ్వకురా నిచ్చెనా, నవ్వే సంగతి కాదు. పై ఊళ్ళో హాలు సంగతి తెలుసా నీకు?”

“ఏం సంగతి?”

“అక్కడా ఇదే తంతు. మీ ఒడ్డు పిల్లలు, మా ఒడ్డు పిల్లలు. ఓ నాటకం, ఓ పాట, గోడ నిండా పావురాలు. ఈ మేడమే వెళ్ళింది. ఆవిడ ముందు పిల్లలంతా కౌగిలించుకున్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది, ఫొటోలు తీయించుకుంది. వారం తిరక్కుండా హాలుకి తాళం.”

“తాళమెందుకు?”

“కలిసిపోయారుగా! ఇంకేం పని? జబ్బు తగ్గింది, మంచం ఖాళీ చెయ్యండి అన్నట్టు. వంతెన పాసులు లాగేసుకున్నారు. ఎవరి ఒడ్డున వాళ్ళు.”

“మన పాసులు కూడానా?”

“మరి? నీ పొడుగు చూసి నీకొక్కడికే ఉంచుతారా?”

“అంటే... ఇక నువ్వు...”

“నేనా చివర, నువ్వీ చివర. మధ్యలో తుపాకులు. చెయ్యి ఊపుదామన్నా భయమే.”

“అలా అనకే.”

“నీకేంట్రా బెంగ? మీ వైపు అమ్మాయిల్లేరా?”

“ఉన్నారు. పావురాన్ని చిలకని చేసేవాళ్ళు లేరు.”

“...రంగు కారుతోంది చూసుకో.”

“కారనీ.”

“సరే, విను. ఇవాళ పాట చివర చేతులు కలపొద్దు. ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే కొట్టుకుందాం.”

“కొట్టుకోవడమా?”

“జుట్టూ జుట్టూ పట్టుకుని. అమ్మో, వీళ్ళింకా మారలేదు, ఇంకో ఏడాది నాటకాలు ఆడించాలి అని రాసుకుని పోతుంది. హాలు నిలబడుతుంది, పాసులు మిగుల్తాయి.”

“నీ బుర్ర ఉంది చూడూ...”

“మెచ్చుకోవడం తర్వాత. ముందు తిట్టు. మీవాళ్ళు మమ్మల్ని ఏమంటారో అదే అను.”

“ఛీ, నేననను.”

“అను మరి.”

“అవతలోళ్ళు అంటారు.”

“ఏంటీ? అవతలోళ్ళు మీరు కదరా!”

“మేమెందుకవుతాం? మేం ఇవతలోళ్ళం.”

“ఇవతలోళ్ళం మేము!”

“నాకు మాటలొచ్చినప్పట్నుంచీ మీరే అవతలోళ్ళు.”

“ఓరి దేవుడో! అందుకా మొన్న డైరెక్టరు ‘అవతలివాళ్ళు ముందుకు రండి’ అంటే ఒక్క పురుగూ కదల్లేదు?”

“మీరొస్తారని మేం చూస్తూ నిలబడ్డాం.”

“మేమూ అంతే! ఆయనేమో ‘ఆహా, ఎంత బరువైన మౌనం’ అని కళ్ళు మూసుకున్నాడు.”

“చప్పట్లు కూడా కొట్టాడు. ఆ మౌనం అలాగే ఉంచెయ్యండి, నాటకానికి ప్రాణం అదే అన్నాడు.”

“ప్రాణమట, ప్రాణం! కాళ్ళు పీక్కుపోయి చచ్చాం. పైగా నాటకంలో నన్ను చెట్టు వేరు అనుకోమంటాడు, నిన్ను కొమ్మ అనుకోమంటాడు. వేరూ కొమ్మా ఊగితే వంతెన మీద తుపాకులు తుప్పు పట్టిపోతాయా?”

“పోస్టరు మీద నీ బొమ్మ వేశారుగా, ఇంకేం కావాలి నీకు?”

“ఊరుకో. ఆ రోజు నేను నవ్వుతుంటే ఫొటో ఆయన ఊరుకోలేదు. కాస్త బాధపడమ్మా, ఇంకాస్త, ఆ... అలాగే, అంటాడు. వాడి మొహం చూస్తే నిజంగానే ఏడుపొచ్చింది. సరే, అవతలోళ్ళు చాలదు. అది తిట్టులా లేదు, అడ్రసులా ఉంది. ఘాటుగా ఏదన్నా చెప్పు.”

“మా నాన్న ఒకటంటాడు... వద్దులే.”

“నసగకు.”

“నది నీళ్ళు తాగి నదిలోనే ఉమ్మే జాతి అంటాడు.”

“మా నాన్నా అదేరా! అక్షరం తేడా లేదు!”

“ఇద్దరూ ఒక చోట కూచుని రాసుకున్నారేమో.”

“వేరూ కొమ్మా వేషాలు వాళ్ళకియ్యాలి. మనకెందుకు? ఉష్... కారు చప్పుడు. వచ్చేసింది. కుంచె పారెయ్. కాలరు పట్టుకోనీ.”

“చిరుగుతుందే, ఉన్నది ఇదొక్క మంచి చొక్కా.”

“కుట్టి పెడతాలే. ఏడాదంతా ఉంటాంగా ఇక్కడే.”

“ముందే చెప్తున్నా, నేననేది ఏదీ నిజం కాదు.”

“తెలుసురా పిచ్చోడా. గట్టిగా అరిచెయ్, అంతే. ఊఁ, తలుపు తీస్తున్నారు... ఛీ! ముట్టుకోకు నన్ను! మీ నీడ పడినచోట గడ్డి కూడా మొలవదు!”

“నది నీళ్ళు తాగి నదిలోనే ఉమ్మే జాతి! మీతో పాట పాడాలా? మీతోనా?”

“పో, మీ ఒడ్డుకి పో!”

“నువ్వే పో! నీ పావురాన్ని తీసుకుని పో!”

“అయ్యో, అయ్యో! డైరెక్టర్ గారూ, విడదీయండి వాళ్ళని!”

“మేడమ్, నిన్నటిదాకా బాగానే... అమ్మాయ్, వాడి కాలరు వదులు!”

“వదలను సార్! మేడమ్, మేం ఇప్పుడప్పుడే మారం! ఇంకో ఏడాదైనా పడుతుంది!”

“రెండేళ్ళు!”

“కళ్ళారా చూశానమ్మా. డైరెక్టర్ గారూ, ఇంత పగ పెట్టుకున్న పిల్లల్ని ఒకే గదిలో ఉంచడం మన తప్పే.”

“అంటే... మూసేద్దామంటారా, మేడమ్?”

“మూసెయ్యడమేంటి? రెండు హాళ్ళు తీసుకుందాం. ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి. ఎవరి నాటకం వాళ్ళు హాయిగా ఆడుకుంటారు. ఇక వీళ్ళకి వంతెన ఎక్కే పనే లేదు. పాసులన్నీ సాయంత్రానికి నాకు పంపండి.”

“కాదు మేడమ్! ఇదంతా ఉత్తుత్తికే! వీడు నాకు... ఒరేయ్, నువ్వన్నా చెప్పరా!”

“ఉత్తుత్తికే మేడమ్! నటించాం, ఒట్టు! ఇదిగో, చెయ్యి పట్టుకున్నా చూడండి. దీని చెయ్యి నేను వదలను. మా పాసులు తీసుకోకండి, మీకు దణ్ణం పెడతాను!”

“చూస్తున్నాను నాయనా. డైరెక్టర్ గారూ, ఆ చేతులెలా వణుకుతున్నాయో చూడండి. నేనొచ్చానని, పాపం, ఎంత కష్టపడి నటిస్తున్నారో!”