కర్ర లేస్తే దాటాల

మజ్జాన్నం మూడైపోయింది మేడమ్మా. మబ్బు కమ్మీసింది, సినుకులు కూడా. అనంతగిరి బడి నుంచి ఈ వానలో కొండెక్కి ఎందుకొచ్చేరు? పిల్ల బడికి రాపోతే పేరు కొట్టీసుకోవాల గాని!

కూకోండి. లోపలికొద్దు. ఇక్కడే, అరుగు మీద.

ఏటీ? నీలవేణికి జొరం తగ్గిందా అనా? తగ్గినాదిలెండి.

మీ మీద కోపం లేదు. కాదు, ఉంది. ఎందుకుండదు? మా దిసారి, ఊరికి పూజలు సేసేవోడు, అమ్మోరు పట్టిందని కోడిని కోయించేడు. మీరు ఆటిజం అన్నారు, కంప్యూటరు ముందర కూకోబెట్టేరు. తొమ్మిదేళ్ల గుంట, కన్నతల్లి మొకం సూడనిది, ఆ బొమ్మకేసి సూసింది!

ఆ ఆటలో కర్ర లేస్తే కోడిపిల్ల రోడ్డు దాటాల. కర్ర దిగితే ఆగాల. దాటితే గంట మోగుతాది. ఆగడమంటే ఏటో తెలీని గుంట, మౌసు మీద ఏలెట్టుకుని ఆగేది. ఓరోజు నా సెయ్యి లాగి దాని మీద పెట్టింది. నీ వంతు, అని. మీరే కదా సెప్పేరు, వంతంటే అదేనని.

ఆ పూట నాకు కూడు దిగలేదు. సంతోసం! ఎవురికి సెప్పుకోను? మా ఆయన మల్లేశుకా? "ఆ డబ్బా కూడెడతాదేటే" అంటాడు.

మీది ఇజీనగరం, మా ఇటుకల పండగ ఎరగరు. మగోళ్లు వేటకెళ్తారు. ఆడోళ్లం రోడ్డుకి వెదురు అడ్డమెట్టి, పాడుకుంటా బళ్లు ఆపుతాం. పెజ్జెలని పండగ డబ్బులు ఎంతో కొంత సేతిలో పెడితే వెదురు ఎత్తుతాం.

గుంటని నా పక్కనే నిలబెట్టుకున్నాను. పదిమందిలో. మొదటిసారి! ఏడవలేదు. జీపొచ్చింది, వెదురు దింపేం. ఇదీ ఆగింది. పక్కింటి సిట్టెమ్మ కూడా, "నీ గుంట బాగుపడినాదే సోములూ" అన్నాది.

జీపోడు పెజ్జెలిచ్చేడు. వెదురు ఎత్తేను.

కర్ర లేసింది కదా మేడమ్మా. గుంట దాటింది.

జీపోడు తిప్పీసేడు. జీపు కాలవలోకి ఒరిగిపోయింది. ఇది రోడ్డు మద్దిన నిలబడి అటూ ఇటూ సూస్తంది. గంట కోసం.

దాని తప్పేటుంది? మీరు నేర్పినట్టే సేసింది. ఆ వెదురు బండి కోసం లేసిందని దానికెవురు సెప్పాల? నాకు తట్టలేదు. మీకూ తట్టలేదు కదా?

సిట్టెమ్మ అదే నోటితో, "కంప్యూటరు నేర్పేరు గాని రోడ్డు నేర్పలేదేటే" అన్నాది. అప్పట్నుంచి నన్ను నీళ్లకి కూడా ఎవురూ పిలవరు. ఒక్కదాన్నే ఎల్తన్నాను.

మళ్లీ పంపమంటారా? జీపులూ బళ్లూ ఉన్న ఆట తెస్తారా? తెస్తారు, మీరు మంచోరు. ఆ ఆటలో కోడిపిల్ల సచ్చిపోతే మళ్లీ లేస్తాది మేడమ్మా.

జొరం... రాలేదు. అబద్ధమాడేను.

పండగనాడు వేటకెళ్లినోళ్లు పన్నెండుమంది. పన్నెండుమందీ ఇళ్లకొచ్చేరు. జీపులోనోళ్లు నలుగురు. ఒళ్లు దోక్కుపోయినాది గాని, నలుగురూ లేసి నడిసెళ్లేరు. మా గుంటా వచ్చింది. ఒంటిమీద గీత లేదు.

లోపలుంది. తలుపు తియ్యకండి. గుంజకి కట్టీసేను.

పాత కోకతోనే. మెత్తగా ఉంటాదని.