క్రేను ఆపరేటరుకు మనసు పరీక్ష

హలో… ఆ, నేనే. నా ఫోన్లోంచి నేను కాక ఇంకెవరు మాట్లాడతార్రా బామ్మర్దీ.

…

గట్టిగా మాట్లాడలేను. పరీక్ష గది బయట వరండాలో ఉన్నాను. ఎదురుగా గాజు తలుపు, దాని మీద 'నిశ్శబ్దం' అని రాసుంది… అవును, నా గొంతు సంగతి పాపం దానికేం తెలుసు.

నువ్వెక్కడ? … కొక్కెం కింద లేవు కదా? ముందు అది చెప్పు. … భోజనానికి ఆపేశారా. సరే. కూర్చునే ఉండు.

—అవలేదింకా. రాసేది అయింది, మాట్లాడేది ఉందట. నన్నొక్కణ్ణే ఉండమన్నారు. నాతో రాసిన ముగ్గురూ ఫోర్క్‌లిఫ్ట్ వాళ్ళు. సంతకాలు పెట్టి లిఫ్టెక్కి దిగిపోయారు. వాళ్ళ బతుకంతా లిఫ్టే… నవ్వకు. అన్నాను గానీ నాకు నవ్వు రావట్లేదు.

భయంగా ఉందిరా.

… లేదు, వేళాకోళం కాదు. మెట్రిక్కే మూడుసార్లు తప్పినవాణ్ణి. నాచేత సైకోమెట్రిక్ రాయిస్తే ఏమవుతుంది? మెట్రిక్ ఎలాగూ పోయింది, ఇక నాకు మిగిలేది ముందున్న ముక్కే. ఇరవై రెండేళ్ళు నా ఆల్టిట్యూడ్ చూసి జీతమిచ్చారు. ఇవాళ ఆప్టిట్యూడ్ చూస్తామంటే ఎక్కణ్ణుంచి తేను…

తెలుసు, తెలుసు. తప్పితే ఏమవుతుందో నువ్వు చెప్పక్కర్లేదు. పోయిన వారం తప్పినాయన గోడౌన్లో చేతితొడుగులు జత కలుపుతున్నాడు. కుడిది ఒక డబ్బాలోంచి, ఎడమది ఇంకో డబ్బాలోంచి. మనిషి పలకరిస్తే తలెత్తట్లేదు. ఒకసారి క్యాబిన్లోంచి దింపారంటే మళ్ళీ ఎక్కనివ్వరు.

… చదవకపోవడమేం. మీ అక్క మూడు వారాలు తోమింది నన్ను. పుస్తకం స్టవ్ పక్కన నిలబెట్టి, కూరగాయలు తరుగుతూ అడిగేది. 'నాకు తరచుగా కోపం వస్తుంది, అవునా కాదా?' కత్తి ఆవిడ చేతిలో ఉంది. ఆవిడ సంగతైతే అవును, నా సంగతైతే కాదు అన్నాను. తర్వాత 'నేను జీవితంలో ఒక్క అబద్ధమూ ఆడలేదు'… దానికి అవునన్నాను. ఇవాళ్టికి ఈ ఒక్క అబద్ధం చాలులే అని పుస్తకం మూసేసింది.

…

దీపాలూ మీటలూ బాగానే చేశాన్రా. ఎర్రది వెలిగితే కాలితో తొక్కాలి, పచ్చది వెలిగితే చేత్తో నొక్కాలి. అది మనకి రోజూ ఉన్నదే. మనిషి బొమ్మ గియ్యమన్నారు, అదీ గీశాను. ఒక సున్నా, దాని చుట్టూ ఇంకో పెద్ద సున్నా, అటూ ఇటూ భుజాలు. పరీక్షకి కాపలా ఉన్నాయన వచ్చి ముఖమేదండీ అన్నాడు. పైనుంచి ముఖం కనపడదు కదండీ అన్నాను. ఏదో రాసుకున్నాడు.

… ఏం రాశాడో నాకేం తెలుసు. అడగడానికి భయం.

దెబ్బ తిన్నది ఆ తర్వాత. వరసలు పూర్తి చెయ్యడం, లెక్కలు. ఇరవై నిమిషాలు టైము. స్క్రీను మీద 'మొదలుపెట్టండి' అని వచ్చింది.

—మొదలుపెట్టలేదు.

… ఎందుకంటావేంటి? సైగ రాలేదు.

… సైగరా, సైగ. అద్దమ్ముక్క చెబితే ఎత్తేస్తానా? మనిషి చెయ్యి చూపించకుండా ఏనాడైనా లీవరు ముట్టుకున్నానా నేను? చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కాపలా ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. పక్కన ఫోర్క్‌లిఫ్ట్ వాళ్ళు టకటకా కొట్టేస్తున్నారు. వీళ్ళకి బొత్తిగా క్రమశిక్షణ లేదనుకున్నాను మనసులో. ఆరు నిమిషాలైంది. అప్పుడాయన చూపుడువేలు పైకెత్తి, చెవిలో పెట్టి, గుండ్రంగా తిప్పుకున్నాడు.

… ఆఁ. అదే. మన 'ఎత్తు' సైగ. మొదలెట్టేశాను.

… నవ్వు. తనివితీరా నవ్వుకో. రోజూ కింద నిలబడి నాకు ఆ సైగ చేసేదే నువ్వు.

… కాదురా, నన్ను ఆపింది అందుక్కాదు. అది మేడమ్‌కి చెప్పుకున్నాను. మనసు డాక్టరు ఆవిడ, నా పెద్దకూతురి వయసుంటుంది. నవ్వి, ఆ ఆరు నిమిషాలూ మళ్ళీ ఇప్పించింది. ఆపింది వేరే దానికి.

చివర్లో అవును–కాదులు రెండొందలున్నాయి. అడిగిందే అడుగుతారు. 'పని చేస్తుంటే పాత ప్రమాదాలు కళ్ళ ముందు కనపడతాయి.' పన్నెండోది అది. కాదు అన్నాను. ఎనభయ్యేడోది కూడా అదే, చొక్కా మార్చుకుని వచ్చింది. ఒక్కోసారి అన్నాను. నూట అరవై దాటాక మళ్ళీ వచ్చింది…

అవును కొట్టాను. వేలు దానంతటదే కొట్టింది.

… అన్నిటికీ కాదు కొట్టమని నువ్వు చెప్పావు, ఒప్పుకుంటున్నా. మీ అక్కా అదే చెప్పింది. మేడమ్ కాగితాలు చూసింది. మీ జవాబులు ఒకదాన్నొకటి పలకరించుకోవట్లేదండీ, కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం, వరండాలో ఉండండి అంది. నెమ్మదిగానే అంది. ఆ నెమ్మదికే నీకు ఫోను చేశాను.

… పొరపాటున నొక్కానని చెప్పాలా? చెబితే నమ్ముతుంది. మంచి మనిషి. అదే నా భయం.

…

ఒరేయ్, నీకో మాట చెప్పాలి. తింటున్నావా? … తినడం ఆపు. కాదు, తిను… లేదు, చెయ్యి కడుక్కో.

పోయిన నెల పైపుల కట్ట ఊగింది చూడు. … ఆ గాలి రోజే. గాలికి ఊగింది, గాలి తగ్గాక దించాం అని రిపోర్టులో నువ్వు రాశావు, నేను సంతకం పెట్టాను.

గాలి నిజమే. మిగతాది…

నువ్వు అటు తిరిగి ఉన్నావు. ట్రెయిలర్ డ్రైవరుకి దారి చూపిస్తున్నావు. కట్ట నీ మీదికే వస్తోంది. పైనుంచి నాకు నీ పసుపు హెల్మెట్ ఒక్కటే కనపడుతోంది, చొక్కా గుండీ అంత. బూమ్ పక్కకి తిప్పి కట్టని తప్పించాలి. హారన్ కొట్టాలి. ఇరవై రెండేళ్ళ పని, నిద్రలో లేపి అడిగినా చేస్తాను.

చెయ్యలేదురా.

చేతులు లీవర్ల మీదే ఉన్నాయి. నావి కానట్టున్నాయి. ఎవరో మర్చిపోయి వెళ్ళిన చేతుల్లా… ఎంతసేపో తెలీదు. కట్ట నీ తలకి జానెడు దూరంలో దాటిపోయి, దానంతటదే వెనక్కి వచ్చింది. నేను ఆపలేదు. నేనేమీ చెయ్యలేదు.

…

ఉన్నావా?

…

తిట్టు.

…

ఏంటి? … మళ్ళీ చెప్పు.

నీకు తెలుసా.

… నీడా? కట్ట నీడ నీ కాళ్ళ మీదుగా పోయిందా… హారన్ రాలేదని అప్పుడే అనుకున్నావా. అందుకేనా రిపోర్టులో గాలి ఒక్కటే రాసి ఊరుకున్నావు.

తెలిసీ ఈ నెల రోజులూ వచ్చి నా కింద నిలబడ్డావా?

… ఎందుకురా?

…

ఆఁ. … ఆఁ. … నువ్వు నిలబడితే నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాననుకున్నావు.

వెర్రివాడా. నువ్వు నిలబడితేనే నాకు ఎక్కువ భయంరా. కట్ట లేచినప్పుడల్లా ఆ పసుపు గుండీ ఒక్కటే కనపడుతోంది. లోడు కనపడట్లేదు. ఎంత ఎత్తుందో, ఎటు పోతోందో నీ చెయ్యి చెబితే తెలుస్తోంది తప్ప, నా కళ్ళకి తెలియట్లేదు. నీకెలా చెప్పను? బావా అని పిలిచి రోజూ పొద్దున్నే టీ గ్లాసు అందిస్తావు…

… వద్దు. అలా అనకు. ఇంకెన్నాళ్ళో ఇలాగే లాక్కొద్దామంటే, ఏదో ఒకరోజు నీడ నీ కాళ్ళ మీద ఆగుతుంది. అప్పుడు మీ అక్క ముఖం చూడగలనా నేను?

… గోడౌన్ అయితే గోడౌన్. … లేదు, ధైర్యమేం రాలేదు. వరండాలో నీళ్ళ మిషను ఉంది, నాలుగు గ్లాసులు తాగాను, నాలుక తడవలేదు.

ఒక్కటి విను. పొద్దున్నుంచి నా బదులు ఎక్కినాయనకి మన యార్డు కొత్త. భోజనమయ్యాక దూరంగా, ఆయనకి ఎదురుగా నిలబడు. కట్ట గాల్లో ఉన్నంతసేపూ దానికి వీపు చూపించకు. ఎవరు పిలిచినా సరే. … మాటివ్వు. … సరే.

తలుపు తీస్తున్నారు. ఉండు, పెట్టెయ్యకు—

ఆ, వస్తున్నానండీ మేడమ్. … మా బామ్మర్దండీ. … ఫోను బయటే పెట్టాలా? ఈ ట్రేలోనా అండీ? … అవునండీ, చెయ్యి వణుకుతోంది.

… ఏసీ వల్ల కాదండీ. నెల రోజుల్నుంచీ వణుకుతోంది.